మూడుసార్లు పిలవండి

కిందటి కార్తీకమాసంలో ఓ తెల్లవారుజామున మా అత్తయ్యగారు స్నానాలగదిలో కాలుజారి పడ్డారు. పడ్డావిడ “అమ్మా” అనైనా అనలేదు. ముప్పావుగంట తరవాత నేను పాలకోసం లేచి, లోపల లైటు వెలుగుతూండడం చూసి తలుపు తట్టాను. “ఆఁ, వస్తున్నానమ్మా, కాస్త ఆలస్యమవుతుంది” అన్నారు. ఎక్కణ్ణించి? చన్నీళ్ళలో నేలమీద కూచుని!

మా అదృష్టం బాగుండి ఎముక విరగలేదు. బెణుకుతో పోయింది. “ఒక్క కేక వెయ్యొచ్చు కదండీ” అన్నాను, భయమంతా కోపమైపోయి.

“రాత్రి పొద్దుపోయి పడుకున్నావు. నిన్నెందుకు లేపడం, నెమ్మదిగా నేనే లేస్తాలే అనుకున్నాను” అన్నారావిడ.

ఎనభై దాటిన మనిషి. అయిదుగురు పిల్లల్ని పెంచి, ఎందరి పురుళ్ళకో సాయం వెళ్ళి, వీధిలో ఎవరికి ఏ ఆపదొచ్చినా అందరికన్నా ముందు గుమ్మందిగే మనిషి. ఇంకొకళ్ళని సాయం పిలవడం మాత్రం ఆవిడకి చేతకాదు.

మీరు నవ్వనంటే చెబుతాను. ఆవిడ కాలికి కాపడం పెడుతూంటే నాకు గుర్తొచ్చినవాళ్ళు ఎవరో తెలుసా? ఫైరింజనువాళ్ళు.

కొన్నేళ్ళ కిందట మా తమ్ముడి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాడుండేది మసాచుసెట్స్ రాష్ట్రంలో. దగ్గర్లో ఓ ఊరుంది. దాని పేరు ఇంగ్లీషులో రాస్తే బారెడు, పలికితే బెత్తెడు. “వూస్టర్” అనాలిట. ఆ ఊళ్ళో ఓ ఫైర్‌స్టేషను ముందు తమ్ముడు కారాపాడు. “ఇది 2008లో కట్టారక్కా. అంతకుముందు ఇక్కడో పాత కోల్డ్ స్టోరేజి ఉండేది. ఇందులోనే ఆరుగురు పోయారు” అన్నాడు.

అగ్నిమాపకదళం వాళ్ళ త్యాగాలు మనకి కొత్తా? 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండు ఉన్న ఓడ అంటుకుంటే, ఆర్పబోయిన 66 మంది ఆ పేలుళ్ళకి బలైపోయారు. ఏటా ఆ రోజునుంచే మన దేశంలో అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. అయినా తమ్ముడు చెప్పిన కథ విన్నాక నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

1999 డిసెంబరు 3, సాయంత్రం ఆరు దాటింది. పాడుబడ్డ ఆ గిడ్డంగి పైనుంచి పొగ రావడం దారినపోయే ఓ పోలీసాయన చూసి కబురుపెట్టాడు. 1906 నాటి కట్టడం. చలి బయటికి పోకుండా కట్టింది కనుక మందపాటి ఇటుక గోడలు, కిటికీలు దాదాపు లేనట్టే. లోపల గోడలనిండా తారు, బెరడు, ఫోమ్. ఇల్లూవాకిలీ లేని ఇద్దరు అందులో తలదాచుకుంటూ కొవ్వొత్తి పడేశారు. నిప్పంటుకుంటే బయటికి పారిపోయారే గాని ఎవరికీ చెప్పలేదు.

లోపల ఎవరో చిక్కుకున్నారని, లేని మనుషులకోసం ఇద్దరు ఫైర్‌మెన్ వెళ్ళారు. నల్లటి పొగలో దారి తప్పారు. వీపున ఉన్న సిలిండర్లలో గాలి తరిగిపోతోందని రేడియోలో చెప్పారు. కాని సరిగ్గా ఎక్కడున్నారో బయటివాళ్ళకి తేలలేదు. వెతకడానికి వెళ్ళినవాళ్ళలో మరో నలుగురు తిరిగి రాలేదు. ఇంకా వెళతామని తోసుకొస్తున్న మిగతావాళ్ళని మైక్ మెక్‌నేమీ అనే అధికారి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆపేశాడు. తనవాళ్ళు లోపలున్నారని తెలిసీ ఆ గుమ్మం మూసిన మనిషి గుండె ఎలాంటిదో ఊహించండి! పోయిన ఆరుగురికీ కలిపి పదిహేడుగురు పిల్లలు.

ఇంటికొచ్చాక నేను ఈ సంగతులే వెతుక్కుని చదివాను. ఆపదలో ఉన్నప్పుడు ఏమని పిలవాలి అన్నదానికి ఎంత చరిత్ర ఉందో అప్పుడు తెలిసింది.

ఓడలవాళ్ళు వైర్‌లెస్‌లో టకటకలాడించే ఎస్.ఓ.ఎస్. సంకేతాన్ని 1906లో బెర్లిన్‌లో నలుగురు దేశాలవాళ్ళూ కూచుని ఒప్పుకున్నారు. తరవాత విమానాలొచ్చాయి. రేడియోలో నోటితో మాట్లాడడం వచ్చింది. ఆ గరగరలో “ఎస్” అన్న అక్షరం సరిగా వినపడేది కాదు. 1920ల మొదట్లో లండన్ దగ్గర క్రాయ్‌డన్ విమానాశ్రయంలో రేడియో అధికారిగా ఉన్న ఫ్రెడరిక్ మాక్‌ఫర్డ్‌ని, ఎవరికైనా ఇట్టే తెలిసే మాటొకటి చూడమన్నారు. అప్పట్లో అక్కణ్ణించి విమానాలు ఎక్కువగా పారిస్ వెళ్ళేవి. ఫ్రెంచివాళ్ళు “నాకు సాయం చెయ్యండి” అనడానికి పలికే మాటని పట్టుకుని ఆయన “మేడే” అన్నాడు. 1927లో వాషింగ్టన్ సమావేశంలో దానికి అన్ని దేశాల ఆమోదం దొరికింది. మే డే అనగానే ఎర్రజెండాలే గుర్తొచ్చే నాకు ఇదంతా వింతగానే తోచింది. ఆ పండక్కీ ఈ పిలుపుకీ ఏ చుట్టరికమూ లేదు!

ఆ మాటే క్రమంగా ఫైర్‌మెన్ రేడియోలోకీ వచ్చింది. దాన్ని వరసగా మూడుసార్లు అనాలి. ఒకసారి హోరులో కలిసిపోయినా రెండోది వినబడుతుంది. ఎవరో మాటవరసకి ఆ పేరెత్తారని పొరబడే వీలూ ఉండదు. అది వినగానే బయట అంతా నడిపించే అధికారి తక్కిన మాటలన్నీ ఆపించేస్తాడు. రేడియో మొత్తం ఆ ఒక్క గొంతుకోసం మౌనం వహిస్తుంది. అప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడు, ఏ బండితో వచ్చాడు, పేరేమిటి, ఏ పనిమీద వెళ్ళాడు, గాలి ఎంత మిగిలింది, ఏం కావాలి, ఇవన్నీ క్లుప్తంగా చెప్పాలి. ఏడవక్కర్లేదు, సంజాయిషీ అక్కర్లేదు. సిద్ధంగా ఉన్న జట్టు లోపలికి వెళుతుంది. ఇద్దరు మంటల్లోకి వెళితే కనీసం ఇద్దరు బయట కాచుకుని ఉండి తీరాలని 1998లోనే అమెరికాలో నియమం పెట్టారు. పిలవలేని స్థితి వస్తుందేమోనని ఒంటిమీద చిన్న పరికరం కూడా ఉంటుంది. సుమారు ముప్ఫై సెకన్లు మనిషి కదలకపోతే అదే కీచుమంటుంది.

ఇన్ని ఏర్పాట్లున్నా ఓ చిక్కు మిగిలింది. అదే నన్ను పట్టేసింది. ఫైర్‌మెన్ ఆ మాట అనడానికి ఆలస్యం చేస్తారుట! అమెరికా అగ్నిమాపక అకాడమీలో పనిచేసిన బర్టన్ క్లార్క్ అనే ఆయన దీనిమీద చాలా రాశాడు. యుద్ధవిమానం నడిపేవాళ్ళు కూడా ఇంతేట. విమానం చెయ్యిదాటిపోయినా, ఇంకో క్షణం చూద్దాం, సరిచేసుకోగలనేమో అని బయటికి దూకడం వాయిదా వేసి ప్రాణాలు పోగొట్టుకునేవారు. అందుకని ఎప్పుడు దూకాలో వాళ్ళకి ముందే గీతగీసి చెప్పారు. ఫైర్‌మెన్‌కీ అలాగే చెప్పాలన్నాడు క్లార్క్. పడిపోతే, ఇరుక్కుంటే, దారి తప్పితే ఆలోచించకు, వెంటనే పిలు. ఆ మాట నోటికి అలవాటయ్యేదాకా శిక్షణలో అనిపించాలి. ఎందుకంటే జీవితమంతా ఒకరి పిలుపుకి పరిగెత్తినవాడికి, తానే పిలవడం నామోషీగా ఉంటుంది.

ఇప్పుడు చెప్పండి, మా అత్తయ్యగారు గుర్తు రావడంలో తప్పేముంది?

ఆవిడదాకా ఎందుకు! కిందటేడు నేను నాలుగు రోజులు జ్వరంతోనే వంటచేశాను. అయిదోరోజు పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడ్డాకగాని మావారికి తెలీలేదు. “ఒక్క మాట చెప్పొచ్చుగా” అన్నారాయన. అచ్చం నేను అత్తయ్యగారితో అన్నమాటే! మనం “నాకేం లేదు” అనడం ఎంత బాగా నేర్చుకున్నామంటే, ఇంట్లోవాళ్ళు దాన్ని నిజమే అనుకుంటారు. వాళ్ళ తప్పు లేదనను. కాని మనం నోరు విప్పందే వాళ్ళకి మాత్రం ఎలా తెలుస్తుంది?

కాలి నొప్పి తగ్గాక అత్తయ్యగారికి ఆ ఫైర్‌మెన్ కథంతా చెప్పాను. ఆరుగురి మాట వినగానే కళ్ళొత్తుకున్నారు. “అంతటి మగధీరులకే పిలవమని నేర్పాల్సొచ్చిందన్నమాట” అన్నారు. ఆ వేడిమీదే మా ఇంట్లోనూ ఓ నియమం పెట్టాను. స్నానాలగది గడియ లోపల వెయ్యకూడదు. అవసరమైతే ఇత్తడి చెంబుతో బకెట్టుమీద మూడుసార్లు కొట్టాలి. వినగానే ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలి వెళ్ళాలి. ఈ నియమం ఆవిడకే కాదు, నాకూ వర్తిస్తుందని మావారు చేర్చారు.

పదిరోజులు ఏ చప్పుడూ లేదు. పదకొండోరోజు పొద్దున్నే ఠంగ్, ఠంగ్, ఠంగ్! పొయ్యిమీద పాలు వదిలేసి పరిగెత్తాను. గుండె నోట్లోకొచ్చింది. తలుపు ఓరగా తీసి అత్తయ్యగారు సిగ్గుపడుతూ, “తువ్వాలు మరిచిపోయానమ్మా” అన్నారు.

పాలు పొంగి పొయ్యంతా పాలైంది. పోతే పోయాయి. అరలీటరు పాల ఖర్చుతో ఎనభయ్యేళ్ళావిడ పిలవడం నేర్చుకున్నారు.