డేగలు: కర్నూలు, కడప మెట్టసీమ వేటపక్షులు

కర్నూలు, నంద్యాల, వైఎస్సార్ కడప జిల్లాల మెట్టచేలు, గడ్డి బీళ్లు, ఎర్రమల, నల్లమల కొండచరియలు వేటపక్షులకు మంచి నెలవు. లగుడు, జెల్లగద్ద, జాలెడేగ ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయి. తొండలగద్ద, పిల్లిగద్దలు ఎక్కువగా చలికాలం వలస పక్షులు. వీటిలో చాలావాటికి దట్టమైన అడవి అక్కర్లేదు. ఆకాశం విప్పారి కనిపించే నేల, అందులో మిడతలు, తొండలు, ఎలుకలు, భరత పిట్టలు ఉంటే చాలు.

జనం డేగ అనేవన్నీ ఒకే కుటుంబం కావు. జాలెడేగ, పిల్లిగద్ద, గరుడపక్షి గద్దల కుటుంబానివి. బైరి, లగుడు, జెల్లగద్ద, తొండలగద్ద ఫాల్కన్ కుటుంబానివి. గద్ద గోళ్లతో పొడిచి చంపుతుంది. ఫాల్కన్ ఎరను కాళ్లతో పట్టి, పైముక్కు అంచున ఉండే పన్ను లాంటి మొనతో మెడ కొరికి చంపుతుంది. ఫాల్కన్లకు గద్దల కంటే చిలుకలే దగ్గరి చుట్టాలని 2008లో జన్యు పరిశోధనలు తేల్చాయి. ఫాల్కన్లు గూడు కట్టవు. కాకులు వదిలేసిన గూళ్లలోనో, రాతి అరుగుల మీదో గుడ్లు పెడతాయి.

జెల్లగద్ద తల ఇటుక రంగు, వీపు బూడిద రంగు. జంటగా వేటాడటం దీని ప్రత్యేకత. ఒకటి నేలబారుగా ఎగురుతూ పిట్టలను పొదల్లోంచి లేపుతుంది, పైన కాచుకున్న రెండోది అందుకుంటుంది. లగుడు ప్రధానంగా భారత ఉపఖండంలో ఉండే పెద్ద డేగ. ఈ రెండూ ఇప్పుడు ముప్పుకు చేరువైన జాతుల జాబితాలో ఉన్నాయి. మరింత పెద్ద డేగలను పట్టడానికి ఎరగా కట్టేందుకు లగుడును వలవేసి పట్టడం కూడా దీని సంఖ్య తగ్గడానికి ఒక కారణం. తొండలగద్దను గుర్తుపట్టడం తేలిక. కోత అయిన వేరుశెనగ చేను మీద తోక విసనకర్రలా విప్పి, రెక్కలు ఆడిస్తూ ఉన్నచోటే నిలబడుతుంది. ఒళ్లంతా కదులుతున్నా తల మాత్రం ఇసుమంతైనా కదలదు. ఆ నిలకడ వల్లే మట్టిలో కలిసిపోయిన తొండ దాని కంటికి చిక్కుతుంది.

బైరి జాతిలో మన దేశానికి చెందిన షాహీన్ కొండచరియల మీద గుడ్లు పెడుతుంది. ఎర మీదికి దూకేటప్పుడు బైరి వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. డేగలతో వేట దక్కనులో పాత రాజవినోదం. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో దానికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది.

ఈ ప్రాంతానికి ప్రపంచ పక్షిశాస్త్రంలో పేరు తెచ్చింది మాత్రం రోళ్లపాడు. బట్టమేక పక్షి కోసం 1988లో 614 హెక్టార్లలో ఏర్పడిన ఈ అభయారణ్యం 2022 జిల్లాల విభజనతో నంద్యాల జిల్లాలోకి వచ్చింది. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు బట్టమేకల కోసం ఇక్కడ మకాం వేశారు. చలికాలం సాయంత్రాల్లో పిల్లిగద్దలు వందల సంఖ్యలో గడ్డిలోకి దిగి, నేల మీదే నిద్రపోవడం కూడా ఆ కాలంలోనే నమోదైంది. ప్రధానంగా ఇవి రెండు జాతులు: మాంటెగూ పిల్లిగద్ద, పాలిపోయిన రంగు పాలిడ్ పిల్లిగద్ద. కజకిస్తాన్ వంటి మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో పిల్లలు చేసి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇటు వస్తాయి, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి. అవి పడుకున్న చోట గడ్డి అణిగి, పక్కన జీర్ణంకాని ముక్కలు ఉండలుగా కక్కి ఉంటాయి. ఆ ఉండలను విప్పితే మిడత కాళ్లు, పిట్టల ఈకలు, ఎలుక ఎముకలు బయటపడతాయి. రైతు పురుగని మందు కొట్టే మిడతే వీటికి ముఖ్యమైన తిండి.

తర్వాతి దశాబ్దాల్లో రోళ్లపాడులో పిల్లిగద్దల సంఖ్య బాగా తగ్గింది. పురుగుమందుల విషం కూడా కారణమేనని అనుమానించడానికి ఆధారం లేకపోలేదు. 1995–96లో అర్జెంటీనాలో మిడతల మీద మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు చల్లినప్పుడు అమెరికా నుంచి వలస వచ్చిన స్వెయిన్సన్ గద్దలు వేలల్లో చచ్చిపోయాయి. అదే మందును మన పత్తిచేలలో ఏళ్ల తరబడి వాడారు. పచ్చ గడ్డి బీళ్లను ప్రభుత్వ లెక్కలు బంజరు అని రాయడం మరో నష్టం. బంజరు అన్నాక ఆ నేల దేనికైనా ఇచ్చెయ్యవచ్చు. ఈ ప్రాంతంలోనే గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 5,932 ఎకరాల్లో విస్తరించింది. అంటే రోళ్లపాడు అభయారణ్యానికి దాదాపు నాలుగింతలు. సౌర విద్యుత్తు కావాల్సిందే. కానీ గడ్డినేలను ఖాళీ నేలగా లెక్కగట్టి స్థలం ఎంచుకోవడం తప్పు.

పిల్లిగద్దలు అభయారణ్యంలో రాత్రి గడుపుతాయి గానీ, పగలు వాటి వేట చుట్టుపక్కల ఊళ్ల శనగ, జొన్న, పత్తి చేలలో, గొర్రెలు మేసే బీళ్లలో సాగుతుంది. అందుకే కంచె లోపలి గడ్డిని ఎంత కాపాడినా, కంచె బయట బీడు మిగలకపోతే, చేలో చల్లే మందు మారకపోతే, వాటికి తిండి దొరకదు.