మా అత్తయ్యగారి బొత్తాల డబ్బా

మా అత్తయ్యగారిది నరసాపురం. ఆవిడకి అది బొత్తాం. కవాడిగూడలో పుట్టి పెరిగిన నాకు గుండీ. పెళ్లయిన కొత్తలో ఆవిడ మా వీధి టైలర్‌ని బొత్తాం కుట్టమంటే అతను తెల్లమొహం వేసేవాడు. మధ్యలో నేను దుబాసీని.

ఆ రెండు మాటల వెనకా రెండు చరిత్రలున్నాయని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. బొత్తాం పోర్చుగీసు వాళ్లతో వచ్చిన మాట, బాల్చీ, అల్మారాల్లాగే. గుండీ ఏమో హిందీ, ఉర్దూల్లోని ‘ఘుండీ’. గుడ్డ పేలికని మెలితిప్పి ముడేస్తే గుండీ, ఎదురుగా ఒక దారపు ఉచ్చు. విడిగా కొనే పనే లేదు, కుట్టగా మిగిలిన ముక్క చాలు.

మా పేటకి బట్టతో పాత చుట్టరికం. 1920లో పెట్టిన డీబీఆర్ మిల్లు ఇక్కడే, లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఉండేది. బట్ట ఏ మిల్లుదో అడిగిన వాళ్లున్నారు గానీ, గుండీ ఎక్కడిదని అడిగిన వాళ్లని నేను చూడలేదు. నేనూ అడగలేదు, మొన్న మా అమ్మాయి కాటన్ కుర్తాకి గుండీ ఊడేదాకా.

నారాయణగూడలో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లాను. అట్టలకి అట్టలు పాలిస్టర్ గుండీలే. చవకే, గట్టివే. కానీ వాటిని కరిగించి మళ్లీ పోయడం కుదరదు. కుర్తా చిరిగి మట్టిలో కలిసినా గుండీ అలాగే ఉంటుంది. కొనకుండా వచ్చేసి, అత్తయ్యగారి పాత బిస్కెట్ల డబ్బా తీశాను.

అందులో మామయ్యగారి చొక్కాల ఆల్చిప్ప బొత్తాలున్నాయి. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలేవే అసలైనవని ఆవిడ చెప్పేవారు. ఆ చిప్పకీ ఒక కథ ఉంది. 1891లో బోపుల్ అనే జర్మన్ పనివాడు అమెరికాలో, మిసిసిపీ ఒడ్డున ఉన్న మస్కటీన్‌లో నది చిప్పలతో గుండీలు చేయడం మొదలుపెట్టాడు. 1905లో ఆ ఒక్క ఊళ్లోనే 150 కోట్ల గుండీలు తయారయ్యాయి. చిప్పలు అడుగంటిపోయాయి. ప్రకృతిలోంచి వచ్చిందంటే చాలు మంచిదే అనుకుంటాం గానీ, ఎంత తీశామన్నది కూడా చూడాలి కదా!

డబ్బా అడుగున ఒక లేసు చుట్ట కనిపించింది. సన్నటి నూలు దారంతో అత్తయ్యగారు పెళ్లికి ముందు అల్లినది. గోదావరి డెల్టాలో ఆడవాళ్లకి ఈ అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల వల్ల వచ్చింది. అక్కడి నుంచి విదేశాలకి ఎగుమతయ్యేది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు పనివాళ్ల మీద ఒక పుస్తకమే రాశారు. రోజుకి ఆరేడు గంటలు అల్లినా వాళ్లని గృహిణులనే లెక్కేశారని, తీరిక వేళల పని అన్న పేరుతో కూలి నామమాత్రంగా ఇచ్చారని అందులో చూపించారు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అది చదివినప్పుడు నాకు అత్తయ్యగారి మాటే గుర్తొచ్చింది. "ఏం పని అమ్మా, ఊరికే కూచుని అల్లేవాళ్లం" అనేవారు. ఊరికే! ఆవిడ కళ్లజోడు మందం నేనెరుగుదును.

ఆవిడ పాత చొక్కా దేన్నీ బొత్తాలు కోయకుండా బయటికి పంపేవారు కాదు. లేసు కూడా లంగా నుంచి విప్పి దాచేవారు. నాకది పీనాసితనంగా అనిపించేది. ఆవిడ పోయాక నేను చేసిన మొదటి పని, రెండు సంచుల పాత బట్టలు స్టీలు సామాన్ల ఆవిడకి ఇచ్చేయడం. గుండీలతో, లేసులతో సహా. ఒక మూత గిన్నె వచ్చింది. దాని మూత ఇప్పుడు సరిగ్గా పట్టదు. అత్తయ్యగారి చేతి అల్లిక మాత్రం ఈ ఒక్క చుట్టే మిగిలింది.

కుర్తాకి ఆల్చిప్ప గుండీ కుట్టాను. మిగతావాటితో కొంచెం తేడాగా ఉంది, మా అమ్మాయి పట్టించుకోలేదు. ఇకపై గుండీలు కోయకుండా పాతబట్ట గడప దాటదు. కొనాల్సి వస్తే కొబ్బరి చిప్పవి తీసుకుంటాను, నీళ్లలో ఎక్కువసేపు నానబెట్టకూడదు, అంతే. గుడ్డ గుండీలైతే మన టైలరే చేసిస్తాడు. చేతి అల్లిక లేసు దగ్గర మాత్రం బేరం ఆడను. బేరమాడి తగ్గించే రూపాయి చివరికి ఎవరి చేతిలోంచి పోతుందో ఇప్పుడు తెలుసు.

మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. సర్దే ముందు ఒకసారి మూత తీసి చూడండి.