తగ్గింపు ధరలూ తగ్గే తూకాలూ

వర్తక చరిత్ర రాసేవారు ధరల పట్టికలు తయారుచేస్తారు. ఏ సంవత్సరంలో గోధుమల ధర ఎంత, చక్కెర ధర ఎంత అన్నది ఏదో ఒక విధంగా మనకు తెలుస్తుంది. ఆ ధర చెల్లించిన మనిషి చేతికి నిజంగా ఎంత సరుకు వచ్చిందన్నది అంత తేలిగ్గా తెలియదు. ధర ఉన్నచోటనే ఉండి పొట్లం చిక్కిపోతే పైపైన చూసేవాడికి ఏమీ మారినట్టు కనిపించదు. కొట్టువాడు ఒక చేత్తో ధర పెంచి మరో చేత్తో రాయితీ ఇచ్చినా అంతే. ఇవన్నీ వర్తకుల చిల్లర తెలివితేటలనీ, చరిత్రలో వీటికి చోటు లేదనీ మనలో చాలామంది అభిప్రాయం. నేను అట్లా అనుకోను. తూకానికీ ధరకూ మధ్య ఉండే లెక్కను ఎవరు వేస్తున్నారు, ఆ లెక్క ఎవరికి కనిపిస్తుంది అన్న విషయం మీద వర్గాల మధ్య చాలా కాలంగా పెనుగులాట జరుగుతూ వచ్చింది. ఈ పెనుగులాటకు ఇంగ్లండు చరిత్రలో మంచి సాక్ష్యం ఉంది.

ఇంగ్లండులో రొట్టె మీద పదమూడో శతాబ్దం నుంచీ ఒక శాసనం ఉండేది. దాన్ని సాధారణంగా 1266 నాటిదిగా చెబుతారు. దానిలో విచిత్రమేమంటే, అది రొట్టె ధరను కదలనివ్వకుండా తూకాన్ని కదిలించేది. పావు పెన్నీ రొట్టె ఎప్పుడూ పావు పెన్నీయే. గోధుమలు ప్రియమైతే రొట్టె చిన్నదయ్యేది, చవకైతే పెద్దదయ్యేది. ఎంత చిన్నది కావాలో, ఎంత పెద్దది కావాలో రొట్టెలు కాల్చేవాడు నిర్ణయించటానికి వీల్లేదు. గోధుమ ధరను బట్టి పట్టణాధికారులు తూకం నిర్ణయించి ప్రకటించేవారు. కట్టెలకూ, ఉప్పుకూ, పనివాళ్ళకూ అయ్యే ఖర్చు ఇంత అని, కాల్చేవాడికి మిగలవలసింది ఇంత అని ముందే లెక్కకట్టి ఉండేది. తూకం తగ్గించినవాడికి జరిమానా పడేది. మళ్ళీ మళ్ళీ చేస్తే బజారులో బొండకొయ్యకు తగిలించేవారు. రొట్టెల డజను అంటే పదమూడు అనే వాడుక ఈ భయం వల్లనే వచ్చిందని ఇంగ్లీషువాళ్ళు చెప్పుకుంటారు. మన కూరలమ్మి వేసే కొసరుకు అది దూరపు చుట్టం.

అంతమాత్రాన ఆ కాలం పేదలకు స్వర్గమని ఎవరూ భ్రమపడనక్కరలేదు. రాజులకు జాలి పుట్టి ఈ శాసనం రాలేదు. ఆకలితో ఉన్న పట్టణం అల్లరి చేస్తుందన్న భయం వల్ల వచ్చింది. కరువు వచ్చినప్పుడు భూస్వామి గోధుమలను ఎంతకు అమ్ముకున్నా శాసనం అడగలేదు. కూలివాడి రొట్టె మాత్రం సగమయ్యేది. అయినా ఆ సగమైన సంగతి బాహాటంగా జరిగేది. రొట్టె ఎందుకు చిన్నదయిందో అందరికీ తెలుసు. తెలుసు గనకనే, లెక్క తప్పిందనిపించినప్పుడు జనం మిల్లుల మీదికీ అంగళ్ళ మీదికీ వెళ్ళి న్యాయమైన ధర ఇదని తామే నిర్ణయించి అమ్మించేవారు. పద్ధెనిమిదో శతాబ్దపు ఈ తిరుగుబాట్లను గురించి ఇ. పి. థామ్సన్ 1971లో రాసిన వ్యాసాన్ని చరిత్ర విద్యార్థులు తప్పక చదవాలి.

స్వేచ్ఛా వర్తకం అనే సిద్ధాంతం బలపడ్డాక ఈ శాసనం పాతచింతకాయ పచ్చడి అయిపోయింది. లండనులో 1822లోనూ, మిగతా దేశంలో 1836లోనూ దాన్ని రద్దు చేశారు. పోటీ ఉంటే చాలు, ధరా తూకమూ నాణ్యమూ వాటంతట అవే సర్దుకుంటాయన్నారు. ఎట్లా సర్దుకున్నాయో 1862లో ట్రెమెన్‌హీర్ అనే అధికారి రొట్టె పనివాళ్ళ కష్టాల మీద ఇచ్చిన నివేదికలో చూడవచ్చు. మార్క్సు "పెట్టుబడి" మొదటి సంపుటంలో దీన్ని వాడుకున్నాడు. లండనులో రొట్టెల వ్యాపారులు రెండు రకాలుగా చీలిపోయారు: పూర్తి ధరకు అమ్మేవాళ్ళు, ధర తగ్గించి అమ్మేవాళ్ళు. రెండోవాళ్ళదే సంఖ్యాబలం. వాళ్ళు ధర ఎట్లా తగ్గించగలిగారు? పిండిలో పటిక వగైరా కలిపారు. పనివాళ్ళ చేత రాత్రంతా పనిచేయించి, పన్నెండు గంటల కూలి ఇచ్చి పద్ధెనిమిది గంటల పని రాబట్టారు. చవక రొట్టె కొన్న కార్మికుడికి దక్కిన తగ్గింపు మరో కార్మికుడి నిద్రలోంచి వచ్చింది. తగ్గింపు ధర అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ నివేదిక గుర్తుకొస్తుంది.

ఈ పరిస్థితుల మధ్యనే లాంకషైరులోని రోచ్‌డేల్‌లో ఇరవై ఎనిమిదిమంది ఒక కొట్టు పెట్టారు. వాళ్ళలో నేతగాళ్ళున్నారు, చెప్పులు కుట్టేవాళ్ళున్నారు, ఓవెన్ భావాలవాళ్ళున్నారు, చార్టిస్టులున్నారు. వారానికి రెండేసి పెన్నీలు కూడబెట్టి తలా ఒక పౌను వాటా వేసుకున్నారు. 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే సందులో కొట్టు తలుపులు తెరిచినప్పుడు లోపల ఉన్నవి కాస్త వెన్న, చక్కెర, పిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. సందులో పిల్లలు వాళ్ళను చూసి నవ్వారంటారు.

వాళ్ళ కొట్టులో సరుకు మిగతా కొట్లకన్నా చవక కాదు. ఇది చాలామంది గమనించని విషయం. బజారు ధరకే అమ్మేవారు, నికరమైన తూకం, కల్తీ లేని సరుకు, రొక్కమిస్తేనే బేరం. మూడు నెలలకొకసారి లెక్క చూసి, పెట్టుబడికి పరిమితమైన వడ్డీ ఇచ్చి, ఇతర కేటాయింపులు పోగా మిగిలినదాన్ని ఎవరు ఎంత సరుకు కొన్నారో దాన్నిబట్టి వాళ్ళకే తిరిగి పంచేవారు. డబ్బు పెట్టినవాడికి కాక సరుకు కొన్నవాడికి లాభం చేరటం ఇందులోని విశేషం. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే వోటు, ఆడవాళ్ళకూ ఉంది. తూకం రాళ్ళూ, లెక్కల పుస్తకాలూ సభ్యులవే గనక వాళ్ళకు తిరిగి వచ్చిన పెన్నీలు ఎవడో దయతలచి ఇచ్చినవి కావు. అప్పు ఇవ్వకూడదన్న నియమం మటుకు కఠినమైనదే. రోజుకూలి మీద బతికే నిరుపేద ఆ కొట్టుకు దూరంగా ఉండిపోయాడు. కాని కొట్టు అప్పు కార్మికుడి మెడకు ఎట్లాంటి ఉరో వాళ్ళకు అనుభవమే. కూలి సొమ్ముకు బదులు యజమాని కొట్టు సరుకు అంటగట్టే పద్ధతిని నిషేధిస్తూ పార్లమెంటు 1831లో చట్టం చెయ్యవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

ఈ కథను సహకారోద్యమం వాళ్ళు ఇక్కడితో ఆపుతారు. మనం ఆపటానికి వీల్లేదు. రోచ్‌డేల్ సహకారులే 1854లో నూలు మిల్లు పెట్టారు. అందులో వాటాదారులతోబాటు పనిచేసేవాళ్ళకూ లాభంలో భాగం ఉండాలని నియమం చేసుకున్నారు. మిల్లు పెరిగింది, బయటి వాటాదారులు చేరారు. 1862లో వాళ్ళు తమ వోట్ల బలంతో పనివాళ్ళ భాగాన్ని రద్దు చేసేశారు. మనిషికి ఒక వోటు అన్న నియమం కొనేవాణ్ణి వర్తకుడి నుంచి కాపాడగలిగింది గాని పనివాణ్ణి వాటాదారు నుంచి కాపాడలేకపోయింది. ట్రెమెన్‌హీర్ నివేదిక వచ్చిందీ ఆ సంవత్సరమే.

వర్తకులు ఈ తిరుగుసొమ్ము ఆకర్షణను త్వరలోనే గ్రహించారు. వోటునూ లెక్కల పుస్తకాన్నీ వదిలేసి, తిరుగుసొమ్మును మాత్రం తీసుకున్నారు. అమెరికాలో 1896లో స్పెర్రీ, హచిన్సన్ అనేవారి కంపెనీ పచ్చ స్టాంపులు మొదలుపెట్టింది. సరుకు కొన్నప్పుడల్లా స్టాంపులిస్తారు, పుస్తకం నిండాక ఏదో వస్తువు ఇస్తారు. ఇంగ్లండులో 1958లో గ్రీన్ షీల్డ్ స్టాంపులు వచ్చాయి. ఒక్కో స్టాంపు విలువ ఎంతో కొనేవాడికి తెలిసేది కాదు; దాని మీద నగదు విలువ అచ్చు వెయ్యాలని 1964లో చట్టం చెయ్యవలసి వచ్చింది. టెస్కో దుకాణాలు 1963 నుంచి ఈ స్టాంపులిచ్చి, 1977లో మానేసి, ఆ ఖర్చుతో ధరలు తగ్గిస్తున్నామని ప్రకటించాయి. అంటే ఆ బహుమతుల వెల అంతవరకూ ధరలోనే ఉందని వర్తకుడే ఒప్పుకున్నట్టు. ఆ కంపెనీయే 1995లో స్టాంపుకు బదులు కార్డు తెచ్చింది. ఇప్పుడు లెక్కల పుస్తకం మళ్ళీ ఉంది. ఎవరు ఏ సరుకు ఎప్పుడు కొన్నారో అంతా అందులో ఉంటుంది; కాకపోతే అది కంపెనీ చేతిలో ఉంది.

పాత రొట్టె శాసనంలోని కిటుకు కూడా వర్తకుడికి అక్కరకొచ్చింది. అమెరికాలో హెర్షీ చాక్లెటు 1969 దాకా ఐదు సెంట్లకే దొరికేది. దాని బరువు మాత్రం అనేకసార్లు మారింది. మధ్యయుగాల పట్టణాధికారి చేసిన పనే ఇది. అయితే అతను బజారులో చాటించి చేశాడు, కంపెనీ కాగితం చుట్టి చేసింది.

రోచ్‌డేల్ నమూనా మన దేశానికీ వచ్చింది. మద్రాసులో 1904లో ఏర్పడిన ట్రిప్లికేన్ సహకార సంఘం ఆ ఆదర్శంతోనే కొట్లు నడిపింది. ఆ సంగతి వేరే వ్యాసానికి తగినది. నేను ఇక్కడ చెప్పదలచింది పొట్లాల గురించి. వీశెలూ పలాలూ, సేర్లూ మానికలూ పోయి మెట్రిక్ తూకాలు రావటానికి 1956లో చట్టమైంది. 1977లో పొట్లం సరుకులకు ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. తరువాత 2011 నాటి నిబంధనల్లో బిస్కట్లు, రొట్టె, టీపొడి వంటి పంతొమ్మిది రకాల సరుకులను నిర్ణీత పరిమాణాల్లోనే అమ్మాలని ఒక పట్టిక ఉండేది. బిస్కట్లయితే 25, 50, 75, 100 గ్రాములు, ఆ విధంగా. 2021లో చేసిన సవరణ ఆ పట్టికను ఎత్తివేసింది. అది 2022లో అమలులోకి వచ్చింది. దానికి బదులు గ్రాముకో కిలోకో ధర ఎంత పడుతుందో పొట్లం మీద అచ్చు వెయ్యాలన్నారు. వాదన పాతదే: లెక్క కాగితం మీద ఉంది, కొనేవాడు చూసుకుంటాడు.

ఫ్రాన్సులో 2024 జులై నుంచి అమలైన ఉత్తర్వు మరో దారి తొక్కింది. ఫలానా సరుకు తూకం తగ్గింది, కాని ధర ఆ మేరకు తగ్గలేదు అని పెద్ద దుకాణాలు ఆ సరుకు పక్కనే రెండు నెలలపాటు బోర్డు పెట్టాలి. చాటింపు తిరిగి వచ్చిందన్నమాట, శిక్ష మాటెలా ఉన్నా.

మన దగ్గర కూలి డబ్బు ఏరోజుకారోజు చేతికొచ్చే ఇంట్లో నూనె, టీపొడి, మసాలా అన్నీ చిన్న పొట్లాల్లోనే వస్తాయి. పెద్దది కొనటానికి ఒకేసారి అంత సొమ్ము ఉండదు. 2011లో ఆ నిబంధనలు రాసినప్పుడే పది గ్రాములూ అంతకు లోపూ ఉన్న పొట్లాలను వాటి నుంచి మినహాయించారు.