బాణం గుర్తుకు కళ్లెం

ప్రోగ్రాం రాసే ముందు దాని నడకను కాగితం మీద బొమ్మగా గీసే పద్ధతి 1947లో హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ న్యూమన్ రాసిన నివేదికతో నిలదొక్కుకుంది. ఆ ఫ్లోచార్టే చాలాకాలం విద్యార్థులకు మొదటి పాఠం. డెబ్బైల నుంచి దాని పక్కన సూడోకోడ్ వచ్చి కూర్చుంది. యంత్రం నడపలేని, మనిషి చదువుకోవడానికే రాసే కోడు అది. గీయడం కన్నా రాయడం సులువు కాబట్టి వచ్చిందంటారు. అది పైపై కారణం. ఫ్లోచార్టులో బాణం ఎక్కడి నుంచి ఎక్కడికైనా పోవచ్చు. ఆ స్వేచ్ఛే చిక్కు తెచ్చింది. ఎలాంటి ఫ్లోచార్టునైనా వరుస, ఎంపిక, పునరావృతం అనే మూడు అల్లికలతోనే తిరగరాయవచ్చని 1966లో బోమ్, యాకొపీని నిరూపించారు. రెండేళ్లకు డైక్‌స్ట్రా 'గోటూ' ఆజ్ఞను ఏకిపారేశాడు. కోడులో గోటూ అంటే బొమ్మలో బాణమే. 'అయితే, లేకపోతే, అయినంతసేపు' అంటూ లోపలికి జరిపి రాసే వాక్యాల్లో దానికి చోటే లేదు.

నిక్లాస్ విర్త్ 1971లో రాసిన వ్యాసం చూస్తే ఇలా వాక్యాలతో పథకం అల్లడం నేర్పే బోధన సత్తా తెలుస్తుంది. చదరంగం బల్ల మీద 8 మంది రాణులను (మన ఆటలో మంత్రులు) ఒకరినొకరు కొట్టుకోకుండా నిలబెట్టాలి. 64 గడుల్లో గుడ్డిగా 8 ఎంచుకుంటూ పోతే 442 కోట్లకు పైగా అమరికలు తేలతాయి; పనికొచ్చేవి 92. విర్త్ ముందు నాలుగు మాటల్లో పథకం రాసుకున్నాడు: ఒక నిలువు వరుస తీసుకో, క్షేమమైన గడి దొరికితే రాణిని పెట్టి ముందుకు సాగు, దొరక్కపోతే వెనక్కి రా. 'క్షేమం' అంటే ఏమిటో, బల్లను మెమరీలో ఎలా దాచాలో అప్పుడే తేల్చలేదు. తర్వాతి మెట్లలో ఒక్కో వాక్యాన్నీ విప్పుతూ పోతే, బల్ల మొత్తం దాచనక్కర్లేదనీ, ఏ అడ్డు వరుసలు, ఏ ఐమూల గీతలు ఖాళీగా ఉన్నాయో గుర్తుంటే చాలనీ బయటపడింది. తొందరపడి తేల్చకపోవడం కూడా నేర్పవలసిన విద్యే. వాక్యం కింద మరో నాలుగు వాక్యాలు చేర్చవచ్చు. బొమ్మలో గడిని విప్పాలంటే ఇంకో కాగితం కావాలి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 1989లో స్కాన్‌లన్ జరిపిన ప్రయోగంలో విద్యార్థులు సూడోకోడ్ కన్నా ఫ్లోచార్టునే త్వరగా అర్థం చేసుకున్నారు. కాదనలేం. అయితే అతను పరీక్షించింది అప్పటికే తయారైన పథకాన్ని చదివి గ్రహించడాన్ని, కొత్తగా అల్లడాన్ని కాదు. పైగా ఆ బొమ్మలు బాణాలకు కళ్లెం వేసినవే.

సూడోకోడ్ కూడా బట్టీ వ్యాకరణమైపోయిందన్న ఫిర్యాదు మాత్రం సగం నిజం. కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ పరీక్షలకు దాని రాతపై ఒక మార్గదర్శిని కూడా ఉంది. వేలాది జవాబు పత్రాలు ఒకే తీరుగా దిద్దడానికి అది అవసరమే కావచ్చు. కానీ విర్త్ 'క్షేమమైతే' అని రాసి వదిలేసిన వాక్యానికి అలాంటి పత్రంలో ఎన్ని మార్కులు వేస్తారు?