గసగసాల మొక్క మన పొలంలోనే, నొప్పి మందు మాత్రం మనకి అందలేదు

ఈరోజు ఎపిసోడ్ వంటింట్లో మొదలుపెడదాం. మసాలా డబ్బాలో గసగసాలు ఉంటాయి కదా. ఆ మొక్కకి కాసే పచ్చి కాయకి గాట్లు పెడితే పాలలాంటి జిగురు కారుతుంది. ఆరాక నల్లబడుతుంది. అదే నల్లమందు. భయపడకండి, గింజల్లో మత్తెక్కించేంత ఏమీ ఉండదు, కోడికూర హాయిగా తినొచ్చు.

ఆ నల్లమందు నుంచి తీసేదే మార్ఫిన్. క్యాన్సర్‌లో వచ్చే తీవ్రమైన నొప్పికి ఈ రోజుకీ ముఖ్యమైన మందు ఇదే. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో రైతులు ప్రభుత్వ లైసెన్సుతో ఈ పంట వేస్తారు. ఘాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. ప్రపంచంలోని మందుల కంపెనీలకి దశాబ్దాలుగా నల్లమందు అమ్మిన దేశం మనది. మరి మన దేశంలోనే క్యాన్సర్ పేషెంట్లు ఈ మందు దొరక్క ఎందుకు అల్లాడిపోయారు? ఈరోజు కథ అదే.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1805 ప్రాంతంలో జర్మనీలో సెర్టూర్నర్ అనే కుర్రాడు, ఒక మందుల షాపులో అసిస్టెంటు, నల్లమందులో అసలు పనిచేసే పదార్థాన్ని విడదీశాడు. గ్రీకుల కలల దేవుడు మార్ఫియస్ పేరు దానికి పెట్టాడు. మందు దొరికింది. దాన్ని సరిగ్గా వాడటం తెలియడానికి మాత్రం ఇంకో 150 ఏళ్లు పట్టింది.

అప్పట్లో ఆసుపత్రుల్లో పద్ధతి ఎలా ఉండేదంటే, పేషెంటు నొప్పి తట్టుకోలేక అడిగేదాకా ఆగేవాళ్లు. అప్పుడు ఒక డోసు. అది దిగిపోయాక మళ్లీ నొప్పి, మళ్లీ బతిమాలడం. లండన్‌లో సిసిలీ సాండర్స్ ఇది తప్పు అంది. ఆమె మొదట నర్సు, తర్వాత ఆసుపత్రిలో సోషల్ వర్కర్, ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాటాక డాక్టరీ చదివింది. నొప్పి తిరిగి రాకముందే, టైమ్ ప్రకారం మందు ఇవ్వాలన్నది ఆమె పద్ధతి. నొప్పి ఒంట్లోనే ఉండదు, మనసులో, ఇంటి చింతలో, చావు భయంలో కూడా ఉంటుందని చెప్పింది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టింది.

1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అందరికీ అర్థమయ్యేలా మూడు మెట్లుగా చెప్పింది. చిన్న నొప్పికి పారాసిటమాల్ లాంటివి, మధ్యరకానికి కొడీన్ లాంటివి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్. వీలైనంతవరకు నోటి ద్వారా, గడియారం చూసి. ఖరీదైన మిషన్లు అక్కర్లేదు, పేద దేశాల్లో కూడా సాధ్యమే అని అర్థం.

ఇక్కడే మన దేశం కథ అడ్డం తిరిగింది. అంతకు ఒక్క ఏడాది ముందు, 1985లో, మన పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. ఉద్దేశం మంచిదే, మాదకద్రవ్యాల రవాణాని అరికట్టడం. కానీ చాలా నేరాలకి కనీసం 10 ఏళ్ల జైలు. లెక్కలో చిన్న తేడా వచ్చినా కేసవుతుందేమోనని మందుల షాపులు మార్ఫిన్ పెట్టడం మానేశాయి. ఆసుపత్రికి కావాలంటే వేర్వేరు శాఖల నుంచి నాలుగైదు లైసెన్సులు, అవన్నీ ఒకేసారి చెల్లుబాటులో ఉండాలి. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకోదాని గడువు అయిపోయేది. ఫలితం ఏంటి? దేశంలో మార్ఫిన్ వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. 1997లో దేశం మొత్తానికి 18 కిలోలు. అంత పెద్ద దేశానికి 18 కిలోలే! ఒక తరం డాక్టర్లు మార్ఫిన్ రాయడం చూడకుండానే చదువు పూర్తి చేశారు.

ఆ రోజుల్లోనే ఒక కొడుకు, తనే మందుల శాస్త్రం తెలిసినవాడు, క్యాన్సర్‌తో బాధపడుతున్న తల్లికి మార్ఫిన్ దొరకక ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాడు. ఏ మందు కావాలో తెలుసు, అది ఎక్కడ తయారవుతుందో తెలుసు, అయినా అమ్మకి ఇప్పించలేకపోయాడు. ఒక్కసారి ఆ స్థానంలో మనల్ని ఊహించుకోండి.

మార్పు కేరళలో మొదలైంది. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో మత్తు డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, ఇంకొందరు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారు. ఊళ్లలో వాలంటీర్లు కదిలారు, ఇంటికే నర్సు వెళ్లే పద్ధతి వచ్చింది. 2008లో కేరళ ప్రభుత్వం దీనికో పాలసీయే తెచ్చింది. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఢిల్లీ ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి 2014 ఫిబ్రవరిలో చట్టం సవరించారు. ఇప్పుడు గుర్తింపు పొందిన ఆసుపత్రికి రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ ఇచ్చే ఒక్క అనుమతి చాలు. మన హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది.

మరి చట్టం భయం ఊరికే వచ్చిందా? కాదు. అమెరికాలో మామూలు నొప్పులకి కూడా ఇలాంటి మందులు విచ్చలవిడిగా రాయడంతో లక్షల కుటుంబాలు నష్టపోయాయి. అందుకే అదుపు కావాలి. కానీ అదుపు పేరుతో నిజంగా అవసరమైనవాళ్లకి తలుపు మూసేస్తే అదీ అన్యాయమే.

చట్టం మారింది, మన ఇళ్లలో భయం మాత్రం ఇంకా మారలేదు. "మార్ఫిన్ మొదలుపెట్టారంటే ఇక అయిపోయినట్టే" అంటారు. కాదండీ, ఈ మందు నొప్పి ఎంత ఉందో చూసి ఇస్తారు, ఎన్ని రోజులు మిగిలాయో చూసి కాదు. డాక్టర్ పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి వాడేటప్పుడు వ్యసనంగా మారే ప్రమాదం తక్కువ. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, దానికి ముందే మందు అడగాలి.

మీ ఇంట్లో నానమ్మో, బాబాయో ఈ బాధలో ఉంటే మీరు చేయగలిగింది ఉంది. "ఓర్చుకో" అనకండి. నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో అడిగి ఫోన్‌లో రాసుకోండి, డాక్టర్‌కి చూపించండి, పాలియేటివ్ కేర్ ఎక్కడుందో అడగండి. డోసు మీ అంతట మీరు మార్చొద్దు. డాక్టర్ చెప్పిన టైమ్‌కి అలారం పెట్టండి. సిసిలీ సాండర్స్ గడియారం చూసి ఇవ్వమన్న మందు, ఇప్పుడు మీ చేతిలో ఫోన్ చూసి ఇవ్వొచ్చు.

ఇది అవసరమైనవాళ్లు మీకు తెలిసుంటే వాళ్లకి పంపండి.