పెట్టె దాటిన పసికందు

నెలలు నిండకముందే పుట్టిన శిశువును ఆసుపత్రిలో బ్రతికించుట ఒక ఎత్తు. ఇంటికి చేర్చిన పిమ్మట కాపాడుకొనుట మరియొక ఎత్తు. ఈ రెండవ సంగతి వైద్యులకు ఎట్లు తెలిసివచ్చినదో చూతము.

1880 ప్రాంతమున పారిస్‌లోని మెటర్నిటే ప్రసూతి వైద్యశాలలో స్తెఫాన్ టార్నియే అను వైద్యుడుండెను. జంతు ప్రదర్శనశాలలో గ్రుడ్లను పొదిగించు పెట్టెను చూచి, అట్టిదానినే శిశువులకొరకు చేయించెను. అడుగున వేడినీరు, దానివలన వెచ్చబడిన గాలి, పైన శిశువు. నిర్మాణమింతే. నెలలు నిండని శిశువునకు చర్మము క్రింద క్రొవ్వు తక్కువ. బరువుతో పోల్చినచో దేహపు ఉపరితలము ఎక్కువ. కనుక ఒంటివేడి త్వరగా హరించిపోవును. పెట్టె వచ్చిన తరువాత 2,000 గ్రాములలోపు శిశువులలో మరణములు నూటికి 66 నుండి 38కి తగ్గినవి.

టార్నియే శిష్యుడు పియేర్ బుదాన్ వేరొక విషయము గమనించెను. వారముల తరబడి బిడ్డను ఎడబాసిన తల్లికి పాలు ఇంకిపోవుచుండెను. కొందరికి బిడ్డపై మమకారమే సన్నగిల్లుచుండెను. వైద్యశాలనుండి క్షేమముగా ఇల్లు చేరిన పసివారెందరో కల్తీ పాలవలన, శుభ్రముకాని సీసాలవలన అతిసారమునకు బలియగుచుండిరి. పెట్టె నిలిపిన ప్రాణమును పాలసీసా హరించుచుండెనన్నమాట!

అందుచే 1892లో బుదాన్ పారిస్‌లోని షారిటే వైద్యశాలలో శిశువుల సలహాకేంద్రము తెరచెను. అచ్చట పుట్టిన బిడ్డను తల్లి వారమునకొకమారు తెచ్చి చూపవలెను. బిడ్డను తూచి, బరువు వ్రాసికొందురు. తల్లిపాలకే ప్రథమస్థానము, అవి చాలనపుడే శుద్ధిచేసిన పాలు. బరువు పెరుగనిచో, జబ్బు ముదరకముందే తెలియును. త్రాసుకంటె గొప్ప యంత్రమేదియు అచ్చట లేదు.

1978లో కొలంబియాలోని బొగోటా నగరమున పెట్టెలు చాలక, ఒక్కొక్కదానిలో ఒకరికి మించి శిశువుల నుంచగా అంటురోగములు ప్రబలినవి. అప్పుడు ఎడ్గార్ రే అను వైద్యుడు బిడ్డను తల్లి రొమ్మునకు ఒంటికి ఒళ్ళు తాకునట్లు కట్టి, త్వరగా ఇంటికి పంపి, తరచు పిలిపించి పరీక్షించెను. కంగారు పద్ధతి యనునది ఇదియే.

మన దేశమున 2011నుండి ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 42 దినములలో 6 మార్లు ఇంటివద్ద చూచుచున్నారు. ఇంటికి వచ్చి చూచుటతో తీరని పనులును కలవు. నెలలు నిండని శిశువు కంటి వెనుక పొరలో రక్తనాళములు వక్రముగా పెరుగవచ్చును. పైకి ఏ లక్షణమును కానరాదు. 30 దినములలోపు కంటివైద్యుడు చూచినచో లేసర్ మొదలగు చికిత్సలతో చూపు నిలుపవచ్చును. జాగుచేసినచో చూపు శాశ్వతముగా పోవచ్చును.

బిడ్డ చక్కగా పాలు త్రాగుచున్నది గదాయని, వైద్యుడు చెప్పిన దినమును దాటనీయరాదు.