కుర్చీలాంటి కారు

మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు కారెక్కడమంటే పెద్ద తతంగం. తల వంచాలి, నడుం వంచాలి, కుచ్చెళ్ళు పట్టుకోవాలి, ఆనక లోపలికి జారాలి. అలాంటిది మా ఆడపడుచు వాళ్ళ వ్యాగన్ ఆర్‌లో మాత్రం తిన్నగా వెళ్ళి కూర్చున్నారు. "కుర్చీలో కూర్చున్నట్టే ఉందే!" అన్నారు ఆశ్చర్యంగా.

ఆ కుర్చీ కథ జపాన్‌లో మొదలైంది. అక్కడ 'కెయ్' కార్లని ఒక తరగతి ఉంది. కెయ్ అంటే తేలిక. పన్ను తక్కువే గానీ కొలతలకి కట్టడి ఉంటుంది. 1990లో మారిన నిబంధనల ప్రకారం ఇంజను 660 సి.సి., పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు మించకూడదని అప్పట్లో ఉండేది. ఎత్తుకి మాత్రం 2 మీటర్ల దాకా చోటుంది. దాన్ని వాడుకున్నవాళ్ళు లేకపోలేదు. 1972లో హోండా 'స్టెప్ వ్యాన్', 1990లో మిత్సుబిషి 'మినికా టోప్పో' వచ్చాయి. కానీ ఇంటింటి బండి కాలేదు.

హమామత్సులోని సుజుకీ కంపెనీ 1909లో మగ్గాలు చేయడంతో మొదలైంది. 1978లో దానికి అధ్యక్షుడైన ఒసాము సుజుకీ ఆ ఇంటి ఇల్లరికపు అల్లుడు. పుట్టింటి పేరు మత్సుదా. మన వైపు ఇల్లరికమంటే ఎగతాళి చేస్తారు గానీ, అక్కడ సమర్థుడైన అల్లుడికి ఇంటిపేరుతో సహా వ్యాపారం అప్పజెప్పటం పాత ఆచారమే. 1979లో ఈయన 4,70,000 యెన్లకే 'ఆల్టో' తెచ్చాడు. ఆడవాళ్ళు ఇష్టంగా కొనుక్కున్నారు.

అక్కడే వచ్చింది చిక్కు. కెయ్ కారంటే ఇల్లాలు కూరగాయలకి తీసుకెళ్ళే రెండో కారు అనే చిన్నచూపు ఏర్పడింది. కొత్త బండిని మగవాళ్ళు కూడా మొహమాటపడకుండా నడపాలనుకున్నారు. ఏం మర్యాదండీ! మనం నడిపినన్నాళ్ళూ అది చిన్న బండి, వాళ్ళెక్కితేనే గొప్ప బండి!

ఏమైతేనేం, 1993 సెప్టెంబరులో వ్యాగన్ ఆర్ బయటికొచ్చింది. అన్నీ కొత్తగా చేస్తే ఖర్చని, ఉన్న చిన్న కార్ల భాగాలే చాలామటుకు వాడేశారు. ఇంట్లో ఉన్న సరుకులతోనే పండగ వంట చేసినట్టన్నమాట. సీటు ఎత్తు పెంచి, కాళ్ళు కిందికి దించి కూర్చునేలా చేశారు. కప్పు 1.6 మీటర్లు దాటింది. తలుపుల సంగతి మరీ చిత్రం. డ్రైవరు వైపు ఒకటే, రెండోవైపు రెండు. పిల్లలు దిగితే కాలిబాట వైపే దిగాలి. ఆ ఒంటి తలుపు వైపు రెండోది 1996లో గానీ రాలేదు.

పేరులోని 'ఆర్' అంటే విప్లవమూ, విశ్రాంతీ అని కంపెనీ మాట. జపాన్ భాషలో 'ఆరు' అంటే 'ఉంది' అని. "సెడాన్ ఉంది, వ్యాగనూ 'ఆరు'" అని ఒసాముగారే చమత్కరించి ఆ పేరు పెట్టించారని చెప్పుకుంటారు.

1995లో డైహట్సు 'మూవ్' పేరుతో పోటీకి దిగింది. తర్వాత మిగతావాళ్ళూ ఎత్తు కార్ల దారే పట్టారు. మన దేశానికి 1999 చివర్లో, వెడల్పు పెంచుకుని, పెద్ద ఇంజనుతో వచ్చింది.

ఒసాముగారు 2024 డిసెంబరులో 94 ఏళ్ళ వయసులో పోయారు. పేపర్లో ఆ వార్త చదివి వినిపిస్తే మా అత్తగారు, "ఇల్లరికపు అల్లుడా!" అని ఇంకోసారి అడిగి మరీ చెప్పించుకున్నారు.